ఏకై వచ్చి మేకై కూర్చున్న మేక్‌ఫైల్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మేక్‌ఫైల్ గారి దివ్య సముఖానికి,

కర్నూలు బళ్ళారి చౌరస్తా దగ్గర, మోటారు వైండింగు షాపు మీద ఉన్న రెండు గదుల్లో కూర్చుని తమరిని పన్నెండేళ్ళుగా సాకుతున్న ఒక ప్రోగ్రామరు నమస్కరించి రాయునది ఏమనగా: ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. తమరి క్షేమం అడగనక్కర్లేదు. తమరికి ఎప్పుడూ ఏమీ కాదు. అయ్యేదంతా మాకే.

లేఖ బహిరంగం కాబట్టి తమరెవరో నలుగురికీ ముందు చెప్పాలి. మా అమ్మ సంగటి చేయాలంటే బియ్యం ఉడకాలి, రాగిపిండి ఉండాలి, తెడ్డు పట్టి కెలకాలి. ఏది కావాలంటే ఏవేవి ఉండాలో, వాటితో ఏం చేయాలో రాసుకున్న చీటీ తమరు. మా ప్రోగ్రాములో 140 దాకా ఫైళ్ళున్నాయి. ఒకదాన్ని ముట్టుకున్నంత మాత్రాన అన్నింటినీ మళ్ళీ కంపైల్ చేయక్కర్లేదు. తమరు తారీఖులు చూస్తారు. రాసిన ఫైలు కొత్తది, వండిన ఫైలు పాతది అయితే మళ్ళీ వండిస్తారు. లేదంటే కుండ దించనివ్వరు, పొయ్యి అంటించనివ్వరు. అంతా చూస్తే ఇంత పొదుపరి మనిషి సీమలో దొరకడు అనిపిస్తుంది. నేనూ అట్లే అనుకున్నాను.

మేము చేసేది చిన్న పెట్టె. బోరు మోటారు స్టార్టరు పక్కన బిగిస్తే, రైతు ఇంటి దగ్గర్నుంచే ఫోను కొట్టి మోటారు వేయొచ్చు, ఆపొచ్చు. మూడు ఫేజుల్లో ఒకటి పోతే అదే ఆపేస్తుంది. బోరులో నీళ్ళు అయిపోయి మోటారు ఉత్తగా తిరుగుతుంటే అది లాగే కరెంటు తగ్గుతుంది. దాన్ని కనిపెట్టి ఆపుతుంది. సీమలో బోరు ఎండడం వార్త కాదు కాబట్టి ఈ ఆఖరి పనే పెట్టెకు ప్రాణం. అందులోని చిప్పు కోసం ఒక కంపైలరు ఉంది. దాని పేరు రాయను. దాని గుణాలు మాత్రం ముందు ముందు తమరితో పాటే వర్ణిస్తాను. కోడలికి తగ్గ అత్త, అత్తకు తగ్గ కోడలు.

అయ్యా, తమరి పుట్టుక గొప్పది. కాదనను. 1976 ఏప్రిల్‌లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ తమరిని చదివి పని చేయించే మేక్‌ను కన్నారు. అంతకుముందు స్టీవ్ జాన్సన్ అనే సహోద్యోగి తిట్టుకుంటూ ఆయన గదిలోకి వచ్చాడట. ఒక తప్పును అప్పటికే దిద్దేశాడు. దిద్దిన ఫైలు మాత్రం కంపైల్ కాలేదు. ఆ సంగతి తెలియక పొద్దుటి పూటంతా లేని తప్పు కోసం వెతికాడు. ఇట్లాంటి బాధ ఇంకొకరికి రాకూడదని ఫెల్డ్‌మన్ ఒక వారాంతంలో మేక్ రాసేశారు. 2003లో అందుకు ఏసీఎం అనే కంప్యూటరు నిపుణుల సంఘం వారు సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు కూడా ఇచ్చారు. అప్పుడు తమరు ఏకు. దూదిలాంటి మెత్తని, చిన్న, సాధువైన ఏకు. మేకుగా మారిన వైనం ఇకపై చెబుతాను.

మొదటి ఫిర్యాదు, ట్యాబు. మాకు కాలేజీలో టర్బో సి నేర్పారు. నీలం తెర, కంట్రోల్ ఎఫ్9 కొడితే పరుగు. ప్రోగ్రాము అంటే ఒకే ఫైలు. ఆ తర్వాత సీమ పిల్లలందరిలాగే హైదరాబాదు బస్సెక్కి అమీర్‌పేటలో దిగాను. మైత్రీవనం చుట్టూ గోడలనిండా జావా, డాట్‌నెట్, టెస్టింగు బోర్డులు. తమరి పేరుతో ఒక్క కరపత్రం కూడా నా చేతికి రాలేదు. కాబట్టి ఉద్యోగంలో చేరిన మొదటివారం తమరిని చూసినప్పుడు, కొత్త అల్లుడు అత్తారింట్లో కూర్చున్నంత వినయంగా కూర్చున్నాను. సీనియరు ఈమెయిల్లో పంపిన పది వరుసలు కాపీ చేసి పెట్టాను. తమరు అన్నారు: "మిస్సింగ్ సెపరేటర్. స్టాప్." ఏ సెపరేటరు? ఎక్కడ తప్పిపోయింది? అక్షరం అక్షరం పోల్చి చూశాను. రెండూ ఒకటే. రాత్రి పదకొండుకు తెలిసింది, ఆ వరుస ముందు ఉండాల్సింది ట్యాబు, ఈమెయిలు దాన్ని ఎనిమిది ఖాళీలుగా మార్చిందని. కంటికి రెండూ శూన్యమే. ఒక శూన్యానికి తమరు దండం పెడతారు, ఇంకో శూన్యాన్ని గడప తొక్కనివ్వరు.

ఈ ట్యాబు కథ తమరి తండ్రిగారే చెప్పారు. ఏదో చిక్కుముడి తెగక అప్పటికప్పుడు తోచిన తేలిక దారి పట్టారు. కొన్ని వారాలకు దిద్దుదామంటే అప్పటికే ఓ డజను మంది వాడుతున్నారు, ఎక్కువమంది స్నేహితులే. వాళ్ళను ఇబ్బంది పెట్టడమెందుకని వదిలేశారు. ఆ డజను మంది మొహమాటానికి యాభై ఏళ్ళుగా లోకమంతా సుంకం కడుతోంది. 2010లో గ్నూ మేక్ 3.82 వచ్చినప్పుడు ట్యాబు బదులు వేరే గుర్తు పెట్టుకునే వీలు ఇచ్చారు. అప్పటికే అందరి వేళ్ళూ ట్యాబుకు అలవాటు పడ్డాయి. అన్నింటికన్నా మనసు కష్టపెట్టేది ఇంకొకటి. కొన్నిసార్లు తమరు చీవాట్లతో పాటు "ఎనిమిది ఖాళీలకు బదులు ట్యాబు అనుకున్నారా?" అని కూడా అడుగుతారు. అంటే తమరికి తెలుసు! తెలిసీ వాకిట్లో నిలబెట్టి అడిగేవాళ్ళను మా వైపు ఏమంటారో రాస్తే సంపాదకులు కొట్టేస్తారు.

రెండో ఫిర్యాదు, ఖాళీలున్న పేర్లు. మా కంప్యూటరులో ఫోల్డరు పేరు రెండు మాటల్లో ఉంటే తమరు దాన్ని రెండు ఫైళ్ళు అనుకుంటారు. కొండారెడ్డి బురుజు ఫొటో తెమ్మంటే, కొండారెడ్డి అనే మనిషిని ఒకవైపు, బురుజు అనే కట్టడాన్ని ఇంకోవైపు వెతికి, "కొండారెడ్డిని తయారుచేసే విధానం లేదు" అని చెప్పి కూలబడతారు. ఊరి నడిబొడ్డున అంతెత్తు నిలబడి ఉంది కదయ్యా!

మూడో ఫిర్యాదు, కాలువలో లస్కరు వ్యవహారం. మాది కడప జిల్లా, మైదుకూరు దగ్గర కేసీ కాలువ కింది ఊరు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు ఎత్తుకుని కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా నడిచే కాలువ అది. 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించింది, 1882లో సర్కారు కొనుక్కుంది. అంత పొడుగు కాలువకు నీళ్ళు వదిలే లస్కరు తూముకొకడు ఉంటాడు. తన తూము వరకు ఆయన లెక్క సరిగ్గానే ఉంటుంది. పైన ఎంత వదిలారో, కింద ఎవరి మడి ఎండుతోందో ఆయనకు పట్టదు. మా నాన్న రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని కాలువగట్టు మీద పైకి నడిచేవాడు, నీళ్ళు ఎక్కడ ఆగాయో చూడడానికి.

పెద్ద ప్రాజెక్టుల్లో తమరిని పెట్టే పద్ధతీ ఇదే. ఫోల్డరుకో మేక్‌ఫైలు. పై మేక్‌ఫైలు కింది ఫోల్డర్లోకి దిగి అక్కడి మేక్‌ఫైలును పిలుస్తుంది. ప్రతిదీ తన తూము సరిగ్గా ఉందని సంతకం పెడుతుంది. మొత్తం కాలువ ఎవరికీ కనపడదు. 1998లో పీటర్ మిల్లర్ అనే ఆస్ట్రేలియా ఆయన, ఇట్లా మేక్ లోపల మేక్‌ను పిలవడం హానికరమని పేరు పెట్టి మరీ వ్యాసం రాశాడు. తప్పు మేక్‌ది కాదు, కాలువను ముక్కలు చేసి చూపించిన మనదేనన్నాడు. నేను ఆ మాట నమ్మి పదకొండు మేక్‌ఫైళ్ళను కలిపి ఒకటి చేశాను. 900 వరుసలు వచ్చింది. అప్పుడు 140 పేర్లూ, వాటి పొడుగాటి దారులూ కలిపి, అన్నింటినీ ఒకే ప్రోగ్రాముగా అతికే లింకరుకు ఒకే వరుసలో పంపబోతే విండోస్ అడ్డుపడింది. కమాండ్ ప్రాంప్టులో 8191 అక్షరాలకు మించి పట్టవట. పేర్లన్నీ ఒక ఫైల్లో రాసి ఇస్తానంటే లింకరు ఒప్పుకుంది, ప్రతి పేరు చివరా కామా ఉండాలంది, ఆఖరి పేరుకు మాత్రం ఉండకూడదంది. ఆ ఒక్క కామా తీసేయడానికి నాకు ఒక శనివారం పట్టింది.

నాలుగో ఫిర్యాదు మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు. 2016 మే నెల. కర్నూలు ఎండ సంగతి తమరికి తెలియదు, తమరు ఎప్పుడూ హార్డుడిస్కు నీడనే ఉంటారు. మధ్యాహ్నం పన్నెండున్నరకు కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు కుయ్యోమని ఆరిపోయింది. మూడింటికి కరెంటు వచ్చింది, నెట్ రాలేదు. పెట్టెలో ఒక మార్పు ఉంది: బోరు ఎండితే 20 సెకన్లకు కాదు, 8 సెకన్లకే మోటారు ఆగాలి. అంకె మార్చాను, సేవ్ చేశాను. ఒక్క మీట కొడితే తమరు నడిచి, వెంటనే చిప్పులోకి ఎక్కించే పని కూడా నడుస్తుంది. ఎక్కింది. బల్ల మీద మోటారు బదులు బల్బులు పెట్టి చూస్తాం. 200 వాట్ల బల్బులు తీసి 40 వాట్లవి పెడితే బోరు ఎండినట్టు లెక్క. వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఎనిమిది పోయింది, పది పోయింది. ఇరవైకి టక్కుమని రిలే పడింది.

మళ్ళీ మార్చాను. 8 తీసి 5 పెట్టాను. ఇరవై. చిప్పు చెడిపోయిందని మార్చాను. ఇరవై. కరెంటు కొలిచే కాయిల్ మీద అనుమానపడ్డాను. బల్బుల మీద అనుమానపడ్డాను. చివరికి నాకు లెక్కపెట్టడం వచ్చా అని అనుమానపడి ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టాను. ఇరవై. సాయంత్రం ఆరున్నరకు, కొత్తగా చేరిన కుర్రాడు టీ గ్లాసు పెడుతూ తెర మూలకు చూసి, "ఏందన్నా, ఈ రోజు 2009 జనవరి ఒకటా?" అన్నాడు.

సంగతి ఇదీ. మా పాత కంప్యూటరు లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, కరెంటు లేనప్పుడు గడియారాన్ని కాపాడడానికి. అది చచ్చిపోయి ఉంది. కరెంటు వచ్చేసరికి గడియారం ఏడేళ్ళు వెనక్కి పోయింది, నెట్ లేక తనంతట తాను దిద్దుకోలేదు. నేను సేవ్ చేసిన ప్రతి ఫైలు మీదా 2009 పడింది. వండిన ఫైలు మీద 2016 ఉంది. "అంతా అప్ టు డేట్" అని తమరు ప్రతిసారీ చెప్పి పక్కకు తప్పుకున్నారు. ఆ మాటా, గడియారం తేడాగా ఉందని తమరు గొణిగిన హెచ్చరికా తెర మీద మెరిసి పైకి పోయాయి. కింద పాత ప్రోగ్రామే మళ్ళీ మళ్ళీ చిప్పులోకి ఎక్కింది. గడియారం దిద్దాక కూడా తమరు కదలలేదు, ఫైలు మీద పడ్డ తారీఖు పడ్డట్టే ఉంది కదా. తమరికి కావలసింది మారిన అంకె కాదయ్యా, తారీఖు. లోపల రాసింది చదవరు, కవరు మీద ముద్ర చూస్తారు. స్టీవ్ జాన్సన్ పోగొట్టుకున్నది ఒక పొద్దు. నేను పోగొట్టుకున్నది ఒక మాపు. ఏ రోగానికి మందుగా పుట్టారో ఆ రోగాన్నే తమరు నాకు అంటించారు.

ఐదో ఫిర్యాదుకు సాక్షి కింద షాపులో ఉన్నాడు. మా కంపైలరుకు రెండు దుర్గుణాలు. ఒకటి, చిన్న హెచ్చరిక ఇచ్చినా సరే, చివర్లో సున్నా బదులు ఒకటి అనే అంకె చెప్పి పోతుంది. సున్నా కాకపోతే తప్పు జరిగినట్టే అని తమరి సిద్ధాంతం. పని ఆపేస్తారు. పోనీ ఆ వరుస ముందు మైనస్ గుర్తు పెడితే పట్టించుకోరు, నిజంగా తప్పు జరిగినా పట్టించుకోరు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. రెండోది, ఏ ఫైలు ఏ హెడర్లను, అంటే నలుగురూ పంచుకునే ఫైళ్ళను, పిలుచుకుంటుందో అది చెప్పదు. జీసీసీ లాంటి కంపైలర్లయితే ఆ జాబితా అవే రాసి తమరి చేతిలో పెడతాయి. మాది మొండిది. కాబట్టి 140 ఫైళ్ళ చుట్టరికాలన్నీ నేనే చేత్తో రాశాను, పెళ్ళి శుభలేఖల జాబితా రాసినట్టు. శుభలేఖల్లో జరిగేదే జరిగింది. ఒక ఇల్లు మర్చిపోయాను.

సెట్టింగులుండే హెడరు మధ్యలో కొత్త అంకె ఒకటి చేర్చాను. ఫోను సంగతి చూసే ఫైలును తమరు మళ్ళీ కంపైల్ చేశారు. కరెంటు కొలిచే ఫైలును వదిలేశారు. రెండూ లింకయ్యాయి, చూడడానికి ఒకే ప్రోగ్రాము. లోపల మాత్రం ఒకరు మూడో గడిలో పెట్టిన అంకెను ఇంకొకరు రెండో గడిలో వెతుక్కుంటున్నారు. ఆ పెట్టెను మా ఊరి పక్కన ఒక పసుపు తోటలో పరీక్షకు బిగించాం. బోరు ఎండింది. పెట్టె ఆపలేదు. మోటారు కాలింది. దాన్ని బోరులోంచి పైకి లాగడానికి ఒక రోజు, చుట్టడానికి రెండు రోజులు, ఖర్చు మాది, రైతు ముందు తలవంపు నాది. కింద షాపాయన రాగి తీగ చుడుతూ, "మీ సాఫ్ట్‌వేరు చల్లగా ఉండాలప్పా, మాకు గిరాకీ తెచ్చింది" అన్నాడు. ఒక్క మాట అడగలేవా నువ్వు? పక్కనున్న ఫైల్లోనే ఆ హెడరు పేరు రాసి ఉంది కదా, తల తిప్పి చూడలేవా? క్షమించాలి. ఏకవచనం దొర్లింది. వెనక్కి తీసుకుంటున్నాను.

తమరికి నేను చేసిన ఉపకారాలు లెక్కపెట్టడం మర్యాద కాదు, అయినా చెబుతాను. ప్రతి వరుసకూ తెలుగులో వ్యాఖ్య రాశాను. మూడు పెన్‌డ్రైవుల్లో తమరి నకళ్ళు దాచాను. ఆయుధ పూజ రోజు సోల్డరింగు తుపాకీకి పెట్టిన పసుపూ కుంకుమే తమరున్న డబ్బాకూ పెట్టాను, టెంకాయ కొట్టాను. బదులుగా తమరు నాకు ఇచ్చింది: స్టాప్.

కుర్రాడు అంటున్నాడు, "అన్నా, సీమేక్ వాడుదాం. నింజా వాడుదాం." తమరి పనే తామూ చేస్తామనే వాళ్ళ సంగతీ విచారించాను. సీమేక్ అయ్య 2000లో పుట్టాడు. తీరా చూస్తే ఆయన చేసే పనుల్లో ఒకటి తమరిని రాసి తమరి చేతికే పని అప్పగించడం. పైగా మా మొండి కంపైలరు ఆయనకు పరిచయం లేదు, పరిచయ పత్రం నేనే రాసివ్వాలట. నింజాను గూగుల్‌లో ఎవాన్ మార్టిన్ క్రోమ్ బ్రౌజరు కోసం రాశాడు. అక్కడ 30,000కు పైగా ఫైళ్ళు. ఒక్క ఫైలు దిద్దితే, పని మొదలుపెట్టడానికే పాత పద్ధతుల్లో పది సెకన్లు పట్టేదట. నింజాకు సెకను లోపే. ఆండ్రాయిడ్ వాళ్ళు కూడా ఏడో వెర్షను నుంచి తమరిని మెల్లగా సాగనంపడం మొదలుపెట్టారు. లినక్స్ కెర్నలు మాత్రం ఇంకా తమరి పంచనే ఉంది. దాని వెర్షను నంబరు ఎక్కడ రాసి ఉంటుందయ్యా అంటే, తమరి మొదటి నాలుగైదు వరుసల్లోనే.

ఇన్ని ఇళ్ళు తిరిగి వచ్చాక నాకు తెలిసింది ఒకటే. ఎవరి దగ్గరికి పోయినా ముందు అడిగేది చుట్టరికాల చిట్టానే: ఏది దేని మీద ఆధారపడింది? కంపైలరు చెప్పకపోతే మనిషి చెప్పాలి. మనిషి మర్చిపోతే మోటారు కాలుతుంది. పసుపు తోటలో జరిగినదానికి చిట్టాలో ఇల్లు మర్చిపోయినవాడిది సగం పాపం. ఆ సగం ఒప్పుకుంటున్నాను. మిగతా సగం తమరిది. అడగకుండా, అనుమానపడకుండా, "అంతా అప్ టు డేట్" అని అంత ధీమాగా చెప్పడం పెద్దమనిషి లక్షణం కాదు.

కాబట్టి వేడుకోలు మూడు. ట్యాబుకూ ఖాళీకీ తేడా తెలిసినప్పుడు దిద్దుకుని ముందుకు పోండి. తారీఖు ఏడేళ్ళు వెనక్కి పోయి కనిపిస్తే గుడ్డిగా నమ్మకండి, గొణగడం కాదు, పని ఆపి గట్టిగా చెప్పండి. తమరికి తెలియనిది "లేదు" అని కాక "నాకు తెలియదు" అని చెప్పడం నేర్చుకోండి. మూడోది మా లస్కర్లకు కూడా చెప్పి చూశాం, ఫలితం లేదు. అయినా అడగడం మా ధర్మం.

అంతవరకు మా ఆఫీసు నియమం ఇది: తోటకు పోయే ఏ పెట్టె ప్రోగ్రామైనా, ముందు మేక్ క్లీన్ కొట్టి పాతదంతా ఊడ్చి, మొదటి నుంచి కంపైల్ కావాలి. నాలుగు నిమిషాలు పడుతుంది. తమరు పుట్టిందే ఆ నాలుగు నిమిషాలు మిగల్చడానికి. మేము కిందికి దిగి టీ తాగి వస్తున్నాం.

ఇట్లు,
తమరి విధేయుడు,
మోటారు వైండింగు షాపు మేడ మీది ప్రోగ్రామరు,
కర్నూలు.

తాజా కలం: ఈ లేఖలో ప్రతి పేరా ముందూ ట్యాబే కొట్టాను. ఖాళీలు పెడితే తమరు మొదటి వరుస దాటి చదవరు.